పొలం మీద తిరిగే తెలియని వేటపక్షిని గుర్తించడం ఎలా?

“మా చేను మీద రెండు రోజులుగా ఒక పెద్ద గద్ద తిరుగుతోంది, అది ఏ పక్షి?” అని అడిగేవారు ఏడాది పొడవునా ఉంటారు. ప్రశ్నతోపాటు వచ్చే ఫోటోలో తెల్లటి ఆకాశం, దాని మధ్య ఒక నల్లటి మచ్చ తప్ప మరేమీ కనిపించవు. తోక చివర చీలి ఉందా, గుండ్రంగా ఉందా అని తిరిగి అడిగితే చాలామందికి జవాబు తట్టదు. గోధుమ రంగులో ఉందని మాత్రం గట్టిగా చెబుతారు. పొలాల్లో తిరిగే వేటపక్షుల్లో చాలావరకు ఏదో ఒక వయసులో గోధుమ రంగులోనే ఉంటాయి కాబట్టి, ఆ ఒక్క జవాబు పట్టుకుని ఎవరూ పేరు చెప్పలేరు.

అందుకే రంగును చివరికి వదిలి, ముందు ఆకారాన్ని, తరువాత కదలికను, ఆ తరువాత అలవాటును చూడడం ఎలాగో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణకు తీసుకున్నవి భారత ద్వీపకల్పంలోని పొలాల్లో, బీళ్లలో, చెరువుల దగ్గర కనిపించే పక్షులు. వేరే ప్రాంతంలో పక్షులు మారతాయి గాని చూడవలసిన వరుస మారదు.

పేర్ల గురించి ఒక్క మాట చెప్పాలి. ఒక ఊళ్లో డేగ అన్నదాన్నే పక్క ఊళ్లో గద్ద అంటారు. కాబట్టి అందరికీ తెలిసిన తెలుగు పేరు ఉన్నచోట దాన్ని వాడాను, లేనిచోట పక్షుల పుస్తకాల్లో వాడే పేరునే రాశాను.

కావలసినవి

• బైనాక్యులర్. 8×42 అని రాసి ఉన్నది ఈ పనికి సరిపోతుంది. అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుంది, ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లు. పన్నెండు, పదహారు రెట్లు చూపేవాటిలో చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి ఎగిరే పక్షి వాటిలో నిలవదు. బైనాక్యులర్ లేకపోయినా కింది దశల్లో మొదటి ఆరింటిని ఉత్త కళ్లతో చేయవచ్చు.

• చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. బొమ్మ గీయడం రాకపోయినా ఫర్వాలేదు.

• ఫోన్ గాని కెమెరా గాని.

• మీ ప్రాంతపు పక్షుల బొమ్మల పుస్తకం లేదా యాప్. దీన్ని పక్షి ఎదుట ఉండగా తెరవకండి. ఎందుకో మొదటి దశలో చెబుతాను.

• కొలతకు నాలుగు తెలిసిన పక్షులు: గోరువంక సుమారు 23 సెంటీమీటర్లు, పావురం సుమారు 33, ఊరకాకి సుమారు 40, మామూలు నల్ల గద్ద సుమారు 60. ఈ నాలుగింటి పరిమాణం మీ కంటికి అలవాటైతే టేపు అవసరం రాదు.

వేళ కూడా చూసుకోండి. పెద్ద రెక్కల పక్షులు నేల వేడెక్కి గాలి పైకి లేచాకే ఆకాశంలో చక్కర్లు మొదలుపెడతాయి కాబట్టి ఉదయం తొమ్మిది దాటాక వాటి కోసం పైకి చూడాలి. అంతకుముందు అవి చెట్ల మీద, స్తంభాల మీద కూర్చుని ఉంటాయి, దగ్గర నుంచి చూడడానికి అదే మంచి సమయం.

దశలు

1. మొదటి నిమిషం పేరు కోసం వెతకకండి.

పక్షి మీ ముందు ఎంతసేపు ఉంటుందో తెలియదు, పుస్తకం మాత్రం ఎక్కడికీ పోదు. ఇంకో నష్టం కూడా ఉంది: ఒకసారి మనసులో పేరు పడితే, ఆ పేరుకు తగిన గుర్తులే కంటికి కనిపిస్తాయి, తగనివి జారిపోతాయి. నేను ఒక లేత గరుడ పక్షిని ఒక సీజన్ అంతా వేరే పక్షిగా రాసుకున్నాను. తోక గుండ్రంగా ఉందని నా నోటుపుస్తకంలో నేనే రాసుకుని కూడా దాన్ని పట్టించుకోలేదు. కళ్లను పక్షి మీద నుంచి తీయకుండా, కనిపించినది కనిపించినట్టు పైకి చెప్పుకోండి, లేదా ఫోన్‌లో మాటలు రికార్డు చేయండి.

2. అది వేటపక్షేనా అన్నది తేల్చుకోండి.

ఆకాశంలో గుండ్రంగా తిరిగేవన్నీ గద్దలు కావు. మెడ ముందుకు, కాళ్లు తోకను దాటి వెనక్కి చాచి ఉంటే అది నత్తగుల్ల కొంగ గాని, ఎర్రకాళ్ల కొంగ గాని కావచ్చు. ఇవి కూడా వేడిగాలిని పట్టుకుని గంటల తరబడి పైన తిరుగుతాయి. వేటపక్షి ఎగిరేటప్పుడు తల భుజాల మధ్య ఒదిగి, మెడ లేనట్టే కనిపిస్తుంది.

చెట్ల మధ్య నుంచి దూసుకువెళ్లిన పక్షి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆడ కోకిల ఒళ్లంతా చుక్కలతో, పొడవాటి తోకతో ఎగురుతుంటే చాలామంది డేగ అనుకుంటారు. కోకిల కుటుంబానికే చెందిన హాక్ కుక్కూ అయితే షిక్రా డేగను రంగులో, ఎగిరే తీరులో అచ్చంగా పోలి ఉంటుంది, చిన్న పిట్టలు కూడా దాన్ని చూసి బెదిరి అరుస్తాయి. ముక్కు చూడండి: కోకిల జాతి ముక్కు సన్నగా దాదాపు తిన్నగా ఉంటుంది, డేగ ముక్కు మొదటి నుంచీ కిందికి వంగి కొక్కెంలా ఉంటుంది. కాళ్లు కనిపిస్తే సందేహమే ఉండదు, ఎందుకంటే వేటపక్షి గోళ్లు పట్టుకోవడానికి పనికివచ్చేంత బలంగా, వంపు తిరిగి ఉంటాయి.

సందెచీకటిలో స్తంభం మీద కూర్చున్న గుండ్రటి తల పక్షి గుడ్లగూబ కావచ్చు. గుడ్లగూబలూ వేటాడే పక్షులే గాని వాటిని గుర్తించే పద్ధతి వేరు, ఇక్కడ వాటి జోలికి వెళ్లడం లేదు.

3. పరిమాణాన్ని పక్కనున్న పక్షితో పోల్చండి.

ఖాళీ ఆకాశంలో ఒంటరిగా ఉన్న పక్షి ఎంత పెద్దదో ఎవరి కంటికీ సరిగా అందదు. అదృష్టవశాత్తు వేటపక్షి కనిపించగానే కాకులు, పసులపోలిగాళ్లు వెంటపడి తరుముతాయి. ఆ క్షణాన్ని వదలకండి. తరుముతున్న కాకి కంటే అది చిన్నదా, సమానమా, ఒకటిన్నర రెట్లా, రెండు రెట్లా అన్నది రాసుకోండి. వేటపక్షుల్లో చాలావాటికి ఆడది మగదానికంటే పెద్దది కాబట్టి కొద్దిపాటి తేడాను లెక్కలోకి తీసుకోకండి.

4. ఆకారాన్ని చూసి గుంపు తేల్చండి.

ఈ దశ మీద మిగిలినవాటన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టండి. రెక్క కొన, రెక్క వెడల్పు, తోక పొడవు, తోక చివర: ఈ నాలుగూ నీడలా నల్లగా కనిపించే పక్షిలో కూడా తెలుస్తాయి.

తోక చివర మధ్యలో లోపలికి చీలి ఉండి, రెక్కలు పొడవుగా, మణికట్టు దగ్గర (రెక్క ముందు అంచు మడత పడే చోట) కొంచెం వంగి, ఎగురుతూ తోకను చుక్కానిలా అటూ ఇటూ తిప్పుతుంటే అది నల్ల గద్ద. అన్నిచోట్లా ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి ముందుగా దీన్ని బాగా నేర్చుకోవాలి. పదిసార్లు పది కోణాల్లో నల్ల గద్దను చూసినవారికి పదకొండోసారి వేరే పక్షి వస్తే వెంటనే తేడా తెలుస్తుంది.

రెక్కలు పొట్టిగా, కొన గుండ్రంగా, తోక పొడవుగా ఉంటే డేగ. రెక్కలు కత్తిలా సన్నబడి కొన మొనదేలి ఉంటే ఫాల్కన్ అని పిలిచే సాళువ డేగల గుంపు. కెస్ట్రెల్ కూడా ఇందులోదే. రెక్కలూ తోకా రెండూ పొడవుగా, సన్నగా ఉండి, నేలకు దగ్గరగా తేలుతూ వెళితే హారియర్. కొన్నిచోట్ల పిల్లి గద్ద అంటారు. రెక్కలు పలకల్లా వెడల్పుగా, కొనలో ఈకలు చేతివేళ్లలా విడివడి ఉంటే పెద్ద గద్దలు, పాముల గద్దలు, హనీ బజార్డ్ ఉన్న గుంపు. రెక్కలు మరీ పెద్దవై, తల చిన్నగా, తోక పొట్టిగా, ఎగిరే చెక్క పలకలా కనిపిస్తే రాబందు.

చేతనైనట్టు ఒక గీత బొమ్మ వేయండి. రెండు రెక్కల గీతలు, తోక గీత, తల స్థానం ఉంటే చాలు. మాటల్లో రాసుకున్న ‘పొడవైన తోక’ అన్నది రాత్రికి ఎంత పొడవో గుర్తుండదు; రెక్క వెడల్పుతో పోల్చి గీసిన తోక గుర్తుంటుంది.

5. ఎగిరే తీరును లెక్కపెట్టండి.

నాలుగైదు సార్లు వేగంగా రెక్కలు కొట్టి, కొంత జారి, మళ్లీ కొడితే అది డేగ తీరు. రెక్కలను ఆంగ్లాక్షరం ‘వి’ ఆకారంలో పైకెత్తి, అటూ ఇటూ కొద్దిగా ఊగుతూ పైరు మీదుగా తక్కువ ఎత్తులో జల్లెడ పట్టినట్టు తిరిగితే హారియర్. ఎదురుగా మీవైపు వస్తున్నప్పుడు రెక్కలు తిన్నగా ఉన్నాయా, పైకి లేచాయా, కొనలు కిందికి వాలాయా అన్నది తప్పక చూడండి.

గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిపోయే పక్షి గురించి ఎక్కువమంది అడుగుతారు. పొలాల మీద ఆ పని ముఖ్యంగా చేసేవి మూడు. పావురమంత ఉండి, తెల్లగా, భుజం మీద నల్ల మచ్చతో, పొట్టి తోకతో ఉంటే నల్లరెక్కల గద్ద. అంతే పరిమాణంలో ఉండి, వీపు ఇటుక రంగులో, తోక పొడవుగా విసనకర్రలా విప్పి, దాని చివర నల్ల పట్టీతో ఉంటే కెస్ట్రెల్. నల్ల గద్ద కంటే పెద్దదై, అడుగుభాగం తెల్లగా, తల గుడ్లగూబ తలలా గుండ్రంగా ఉంటే పొట్టివేళ్ల పాముల గద్ద. పరిమాణం తెలియకపోతే ఈ మూడింటినీ కలగలిపేస్తారు, మూడో దశను దాటవేయవద్దని చెప్పడం ఇందుకే.

6. అది ఏ పని చేస్తోందో, ఎక్కడ కూర్చుందో రాసుకోండి.

దుక్కి దున్నుతున్న ట్రాక్టర్ వెనక పురుగుల కోసం దిగిందా, నీళ్లు నిలిచిన వరిమడి మీద తిరిగిందా, కరెంటు తీగ మీద కూర్చుని తోకను పైకీ కిందికీ ఆడించిందా, చెట్టు గుబురు లోపలికి దూరిందా, తేనెతుట్టె దగ్గర చేరిందా అన్నవి కూడా గుర్తులే. తీగ మీద కూర్చుని తోక ఆడించడం నల్లరెక్కల గద్దకు అలవాటు. తుట్టెలోని పిల్లపురుగులను, మైనాన్ని తినడానికి వచ్చేది హనీ బజార్డ్. పావురం తలలాంటి చిన్న తల, పొడవాటి మెడ దాన్ని పట్టిస్తాయి. దీని ఈకల రంగు దాదాపు తెలుపు నుంచి ముదురు గోధుమ దాకా ఎలాగైనా ఉండవచ్చు కాబట్టి రంగుతో వెళ్లినవారందరినీ ఇది మోసగిస్తుంది.

7. ఇప్పుడు రంగులు చూడండి, అదీ కొన్ని చోట్లనే.

ఒళ్లంతా ఏ రంగు అని చూడడం వృథా. కింది చోట్లు చూడండి:

• తోక మొదట్లో, నడుము మీద తెల్ల పట్టీ ఉందా? హారియర్ ఆడపక్షుల్లోను, లేత పక్షుల్లోను ఇది చాలాసార్లు కనిపిస్తుంది, అయితే చిత్తడి నేలల మార్ష్ హారియర్‌కు ఉండదు.

• రెక్క అడుగున వెలిసిన మచ్చ గాని, అడ్డంగా తెల్ల పట్టీ గాని ఉందా? వెడల్పాటి రెక్కల నిండా ఒక తెల్ల పట్టీ, తోకలో మరో తెల్ల పట్టీ ఉండి, పైనుంచి ఈల వేసినట్టు పదేపదే కూస్తుంటే అది జుట్టు పాముల గద్ద.

• ఛాతీ మీద చారలు నిలువా, అడ్డమా? పెద్ద షిక్రా డేగకు సన్నటి అడ్డ చారలు, లేతదానికి మందపాటి నిలువు చారలు ఉంటాయి. ఒకే పక్షి రెండు వయసుల్లో రెండు వేర్వేరు పక్షుల్లా ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

• గొంతు మధ్యలో నల్ల గీత, చెంపల మీద మీసంలాంటి గీత ఉన్నాయా?

• కన్ను ఏ రంగు? పెద్ద షిక్రాలో మగదానికి ఎర్రగా, ఆడదానికి పసుపు నుంచి నారింజ రంగులో ఉంటుంది. ఫాల్కన్లకు ముదురు కన్ను. బీడు భూముల్లో గుంజ మీద కదలకుండా కూర్చునే తెల్లకంటి బజార్డ్‌కు పేరులోనే ఉంది.

• కాళ్లకు ఈకలు వేళ్ల దాకా ఉన్నాయా, కాలు బోసిగా ఉందా?

8. ఫోటో తీసేటప్పుడు పక్షి పేరు చెప్పగల కోణాలు పట్టుకోండి.

అందమైన ఒక్క ఫోటో కంటే నాలుగు మామూలు ఫోటోలు పనికివస్తాయి: రెక్కలు విప్పి ఉన్నప్పుడు అడుగుభాగం, మలుపు తిరిగేటప్పుడు పైభాగం, తోక చివర, తల పక్క నుంచి. ఆకాశం ముందు పక్షి నల్లబడిపోతుంది కాబట్టి ఫోన్ తెర మీద పక్షిని తాకి వెలుతురును కొంచెం పెంచండి, ఆకాశం వెలిసిపోయినా నష్టం లేదు. కుదిరితే పది సెకన్ల వీడియో తీయండి, రెక్కలు కొట్టే లయ ఫోటోలో దొరకదు.

ఒక హెచ్చరిక: కొన్ని ఫోన్లు దూరపు వస్తువును పెద్దది చేసి చూపేటప్పుడు లేని వివరాలను ఊహించి నింపుతాయి. అలా పుట్టిన చారలను నమ్మి పేరు పెట్టకండి. ఫోటోను ఎవరికైనా పంపేటప్పుడు మెరుగులు దిద్దని అసలు ప్రతినే పంపండి.

9. నెలను చూడండి.

హారియర్లు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉత్తరం నుంచి వచ్చి మార్చి, ఏప్రిల్ నెలల నాటికి వెళ్లిపోతాయి. కెస్ట్రెల్ కూడా మైదానాల్లో ఎక్కువగా చలికాలపు అతిథి. నల్ల గద్ద, గరుడ పక్షి, షిక్రా, నల్లరెక్కల గద్ద మాత్రం ఏడాదంతా ఉంటాయి. జూన్‌లో హారియర్‌ను చూశానని మీకు అనిపిస్తే అది అసాధ్యమని కొట్టిపారేయనవసరం లేదు గాని, ముందు మిగిలిన అన్ని అవకాశాలనూ పరిశీలించాలి.

10. ఖాయమైనంతవరకే పేరు పెట్టండి.

‘ఏదో ఒక హారియర్, ఆడది లేదా లేతది’ అన్నది పూర్తి జవాబే. పాలిడ్ హారియర్, మాంటెగ్యూ హారియర్ జాతుల ఆడపక్షులను దూరం నుంచి విడదీయడం ఏళ్ల తరబడి చూస్తున్నవారికి కూడా కష్టం. గుంపు వరకు సరిగా ఉన్న పేరు, జాతి దాకా వెళ్లి తప్పిన పేరు కంటే ఎంతో విలువైనది. ఎందుకంటే మొదటిదాన్ని తరువాత పూరించవచ్చు, రెండోది నోటుపుస్తకంలో నిజంలా నిలిచిపోతుంది.

ఒక ఉదాహరణతో చూద్దాం

డిసెంబరు ఉదయం, నీళ్లున్న వరిపొలం మీద నల్ల గద్దకు దాదాపు దగ్గరి పరిమాణంలో ఒక ముదురు గోధుమ పక్షి కనిపించిందనుకోండి. రంగుతో మొదలుపెడితే నల్ల గద్ద అని రాసి ముగిస్తారు. ఇప్పుడు వరుసగా వెళ్లండి. తోక చివర చీలిక లేదు. అయితే నల్ల గద్ద కూడా తోకను పూర్తిగా విప్పినప్పుడు చీలిక మాయమవుతుంది, ఈకలు రాలుస్తున్న కాలంలోనూ చీలిక చెడిపోతుంది కాబట్టి ఇది ఒక్కటీ చాలదు. పక్షి మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే పైరు మీదుగా వెళుతోంది, జారేటప్పుడు రెక్కలు పైకి లేచి ఉన్నాయి, తోకను మెలితిప్పడం లేదు. ఇది హారియర్ తీరు. అప్పుడు తల చూడండి: నడినెత్తి, గొంతు వెన్న రంగులో ఉంటే మార్ష్ హారియర్ ఆడది. నడుము మీద తెల్ల పట్టీ లేకపోవడం దానికి బలం చేకూరుస్తుంది. నెల, స్థలం రెండూ సరిపోయాయి. ఇలా ఆకారం నుంచి ఒకటి, కదలిక నుంచి ఒకటి, ఈకల గుర్తుల నుంచి ఒకటి కుదిరాక పెట్టిన పేరు సాధారణంగా తప్పదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

లేత గరుడ పక్షిని నల్ల గద్ద అనుకోవడం అన్నింటికంటే ఎక్కువ. పెద్ద గరుడ పక్షికి తెల్ల తల, తెల్ల ఛాతీ, ఇటుక రంగు ఒళ్లు ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరైనా చెబుతారు. దాని పిల్ల మాత్రం గోధుమ రంగులో గద్దలాగే తిరుగుతుంది. తోక పొట్టిగా, చివర గుండ్రంగా ఉండడం, మొత్తం పక్షి నల్ల గద్ద కంటే చిన్నగా ఉండడం దాని గుర్తులు.

వెలుతురు చేసే మోసం రెండోది. ఎదురు వెలుతురులో ప్రతి పక్షీ నల్లటిదే. ఎర్రమట్టి దుక్కి మీద తక్కువ ఎత్తులో ఎగిరితే నేల నుంచి తిరిగి వచ్చిన వెలుతురు తెల్లటి పొట్టకు కూడా ఎరుపు ఛాయ పూస్తుంది. సూర్యుడు మీ వెనక ఉండేలా నిలబడే చోటు మార్చుకోండి, ఒక్కోసారి నూరు అడుగులు నడిస్తే పక్షే మారిపోయినట్టు ఉంటుంది.

అరుదైన పక్షి మీద ఆశ మూడోది. ఇది మనసుకు సంబంధించిన పొరపాటు కాబట్టి సరిదిద్దుకోవడం కష్టం. మీ పొలంలో కనిపించిన పక్షి మామూలు పక్షే అయి ఉంటుందని ముందు అనుకుని, కాదని రుజువు దొరికితేనే ముందుకు వెళ్లండి.

రాబందు విషయంలో మాత్రం కాస్త అనుమానం కలిగినా ఫోటో తీసి, చోటు, సమయం రాసి, అటవీ శాఖకు తెలియజేయండి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా శరీరంలో చేరి, 1990ల నుంచి మన దేశపు రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. ఇవాళ పొలం మీద రాబందు కనిపించడం నిజంగా తెలియజేయవలసిన సంగతి.

కోడిపిల్లలు పోయిన కోపంలో కనిపించిన ప్రతి డేగనూ దొంగ అనడం చివరిది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది. కోడిపిల్లలను ఎత్తుకుపోయేవాటిలో నల్ల గద్ద, షిక్రా ముఖ్యం. కెస్ట్రెల్, నల్లరెక్కల గద్ద బతికేది ఎలుకల మీద, మిడతల మీద, తొండల మీద. అవి చేనుకు మేలు చేసే పక్షులు. పేరు తెలుసుకోకుండా రాయి విసిరితే ఆ రాయి చాలాసార్లు తగిలేది వీటికే.

పేరు సరైనదో కాదో సరిచూసుకోవడం

ముందు మిమ్మల్ని మీరు ఈ ప్రశ్న వేసుకోండి: ఇది నేను అనుకున్న పక్షి కాకపోతే మరేది అయ్యుండవచ్చు, ఆ రెండింటినీ విడదీసే గుర్తు ఏది, దాన్ని నేను చూశానా? చూడకపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. పది గుర్తులు కలిసి ఒక్కటి స్పష్టంగా కలవకపోయినా ఆ ఒక్కదాన్ని దాటవేయకూడదు.

కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర కేంద్రం ఉచితంగా ఇచ్చే మెర్లిన్ యాప్ ఫోటోను చూసి పేరు సూచిస్తుంది. చోటు, తేదీ సరిగా ఇవ్వండి, లేకపోతే మీ ఖండంలోనే లేని పక్షి పేరు వస్తుంది. మసక ఫోటోకు కూడా అది ఏదో ఒక జవాబు చెబుతుంది కాబట్టి, ఒకే పక్షి ఫోటోలు మూడింటిని విడివిడిగా ఇచ్చి చూడండి. మూడుసార్లూ అదే పేరు వస్తే కొంత నమ్మవచ్చు, మూడు పేర్లు వస్తే ఆ ఫోటోల్లో చెప్పగలిగినంత సమాచారం లేదని అర్థం. ప్రకృతిలో చూసినవాటి ఫోటోలను పంచుకునే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే మనుషులు చూసి చెబుతారు, ఎందుకు ఆ పేరు అన్నారో అడిగే వీలుంటుంది. యాప్ చెప్పిన పేరును పుస్తకంలోని వివరణతో మీ నోటుపుస్తకం పక్కన పెట్టి చదవడం మాత్రం మానకండి.

మరుసటి రోజు అదే వేళకు అదే చోటికి వెళ్లండి. స్థిరంగా ఉండే వేటపక్షులు ఇష్టమైన కొమ్మను, స్తంభాన్ని తేలికగా వదలవు. దాని కింద నేలను వెతికితే బొచ్చు, ఈకలు, రెక్కల పురుగుల పెంకులు ముద్దకట్టిన ఉండలు దొరకవచ్చు. జీర్ణం కానివాటిని ఈ పక్షులు నోటి ద్వారా అలా కక్కేస్తాయి. పుల్లతో విప్పి చూస్తే అది ఏం తిన్నదో తెలుస్తుంది. లోపల ఎలుక పుర్రె, ఎముకలు చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ కూర్చునేది చాలావరకు గుడ్లగూబ. గద్దల, డేగల కడుపులో ఎముకలు చాలావరకు కరిగిపోతాయి.

ఇద్దరు కలిసి చూసినప్పుడు మాట్లాడుకోకుండా ఎవరికి వారు రాసుకుని, తరువాత పోల్చుకోండి. ఇద్దరి రాతలో కలిసినవే నమ్మదగినవి.

చేయకూడనివి, జాగ్రత్తలు

బైనాక్యులర్‌తో పక్షిని వెంబడిస్తూ సూర్యుడి వైపు తిరగకండి, క్షణంలో కంటి చూపు దెబ్బతింటుంది. పక్షి సూర్యుడికి దగ్గరగా వెళ్తే బైనాక్యులర్ దించండి.

గూడు కనిపిస్తే దూరం నుంచే చూసి వెనక్కి రండి. తల్లి మీ తల మీద అరుస్తూ తిరుగుతోందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరకు వెళ్లారని అర్థం. గూడు ఉన్న చోటును అందరికీ కనిపించేలా ఎక్కడా పెట్టకండి. ఫోటో కోసం ఎర కట్టడం, రికార్డు చేసిన కూతను పదేపదే వినిపించడం కూడా వద్దు. వేటపక్షిని పట్టడం, పెంచడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

గాయపడిన పక్షి దొరికితే భయపడవలసినది ముక్కుకు కాదు, గోళ్లకు. మందపాటి గుడ్డను మీద కప్పి, కాళ్లను అదుపులో ఉంచుకుని, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, తిండి కుక్కకండి. వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయండి. చనిపోయిన పక్షిని ఉత్త చేతులతో ముట్టుకోకండి. చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఎందుకంటే మందు తిన్న ఎలుకను తిని చచ్చిపోయే పక్షులున్నాయి, పైకి గాయం లేని కళేబరాన్ని చూసి ఎవరూ ఆ కారణాన్ని ఊహించలేరు.

ఇక ఎవరినైనా అడగవలసి వస్తే ఇవన్నీ కలిపి పంపండి: తేదీ, సమయం, పైరు లేదా నేల తీరు, కాకితో పోల్చిన పరిమాణం, తోక చివర, రెక్కల ఆకారం, ఎగిరే తీరు, మీ గీత బొమ్మ, మెరుగులు దిద్దని ఫోటోలు. మీరు ఏ పేరు అనుకుంటున్నారో మాత్రం మొదట చెప్పకండి, వారి జవాబు వచ్చాక చెప్పండి.